వెనక్కి నడిచిన వరుసలు

ఈ జూన్‌లో ఒక ఉదయం, ఎమ్మిగనూరులో మా అమ్మాయి ఇంటి పెరట్లో కాళ్ళు కడుక్కుని, చెంబులో మిగిలిన నీళ్ళు నెర్రెలిచ్చిన నల్లనేల మీద పారబోశాను. నీళ్ళు ఒక క్షణం నిలబడి, ఒక్కసారిగా లోపలికి పోయాయి. ముందు చిటచిటమని చిన్న చప్పుడు. తర్వాత ఎవరో గుటక వేసినట్టు. ఆ తర్వాత, చాలాసేపు బిగబట్టిన ఊపిరిని ఎవరో మెల్లగా వదిలినట్టు. చెంబు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఎండిన రేగడినేల నీళ్ళు తాగేటప్పుడు లోపలి గాలి బయటికి వస్తుంది, అంతకన్నా ఏమీ లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా మెడ తిప్పి చూశాను. వెనక్కి నడుచుకుంటూ నావైపు వచ్చే మనిషి కనబడతాడేమోనని.

ఆయన పేరు ఖాసిం సాబ్. ఆదోని బయట, ఎమ్మిగనూరు రోడ్డు మీద నేను మేనేజరుగా పనిచేసిన పత్తి జిన్నింగ్ మిల్లులో తోటమాలి. మిల్లు గెస్ట్‌హౌస్ ముందు కొంచెం ఎత్తు మీద పది సెంట్ల లాన్ ఉండేది, అంతా గరిక. మిల్లు పెట్టిన పెద్ద సేటు ముచ్చటపడి వేయించినది. ఆయన పోయాక కొడుకు, మా సేటు, హైదరాబాదు నుంచి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చిన రోజు చెప్పులు విడిచి దాని మీద నాలుగడుగులు నడిచేవాడు. తండ్రిని తలుచుకోవడానికి ఆయనకు ఉన్న చోటు అదొక్కటే అనుకుంటాను. పత్తిపంటకు మా రేగడి ఎంత మంచిదో లాన్‌కు అంత చెడ్డది. తడిస్తే బంకలా మూసుకుపోతుంది, ఎండితే రాయి. ఆ నేలలో గరికను ఏడాది పొడుగునా పచ్చగా నిలబెట్టడమే ఖాసిం సాబ్ పని. అప్పటికి ఆయనకు అరవై దాటి ఉంటాయి.

నేను చేరిన రెండో రోజు లాన్ పక్కగా వెళుతుంటే ఆయన వీపు నావైపు పెట్టి, అడుగు అడుగూ వెనక్కి వేస్తూ వస్తున్నాడు. చేతిలో అడ్డకర్ర బిగించిన ఇనుప పైపు. దాన్ని నేలలో దించుతాడు, మెలిపెట్టి తీస్తాడు, జానెడు వెనక్కి జరుగుతాడు, మళ్ళీ దించుతాడు. నాకు తగిలేలా ఉన్నాడని పక్కకు జరిగాను.

"ఏం పెద్దాయనా, వీపుకు కండ్లుండాయా నీకు?" అన్నాను.

"అక్కర్లేదు సార్. నా ఎనక ఉండేది ఇంకా తెరవని నేల. దానికేం కాదు. మీరు యాడ నిలబడినారో సూసుకోండి."

కిందికి చూశాను. నా బూట్ల కింద అప్పుడే పూర్తయిన వరుస. నాలుగైదు రంధ్రాలు అణిగిపోయాయి.

"బొక్కలే కదా," అన్నాను.

"బొక్కలే సార్. మీ ముక్కుకు ఉండేవీ అవే."

గేటు దగ్గర వాచ్‌మన్ నరసప్ప నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నేను ఆ వరుస మీద నుంచి దిగాను.

తర్వాత తర్వాత ఆ పని చూడ్డం నాకు అలవాటయింది. ఆ పైపు అంచును ఆయనే ఆకురాయితో సాన పట్టుకునేవాడు. ముందురోజు నీళ్ళు పెట్టి, నేల తడికీ పొడికీ మధ్యలో ఉన్నప్పుడే పని మొదలుపెట్టేవాడు. పైపు దించేముందు ప్రతి వరుస మొదట్లో వంగి అరచేయి నేలకు ఆనించి, "తెరుస్తాండా" అని గొంతు తగ్గించి చెప్పేవాడు. ఎవరో నిద్రపోతున్న గది తలుపు తట్టినట్టు. పైపులోంచి బొటనవేలంత లావు మట్టికడ్డీలు జారిపడేవి. వాటిని అంచున వరుసగా పేర్చేవాడు. ఆరాక చిదిమి మళ్ళీ గరిక మీదే చల్లేవాడు. రంధ్రాల్లో తుంగభద్ర ఇసుక నింపేవాడు. చివర్లో నీళ్ళు వదిలి, మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దాదాపు గడ్డికి ఆనించేవాడు. నేల నిండా ఆ చిటచిట, ఆ గుటకలు, ఆ నిట్టూర్పు. ఆకు కదలని మధ్యాహ్నం పూట, ఒక్క మనిషి తప్ప ఎవరూ లేని లాన్‌లో పదిమంది ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. మొదటిసారి విన్నప్పుడు నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఇన్నారా?" అన్నాడు ఆయన, సంతోషంగా.

"ఇన్నాలే. ఈ వెనక్కి నడిచేది యాడ నేర్చినావు?"

"మా నాయనకాడ. ఆదోని ఖబరస్తాన్‌లో గోరీలు తవ్వేటోడు ఆయన. నేనూ ఇరవై ఏండ్లు తవ్వినా. తెరిచిన నేలను తొక్కకుండా ఎనక్కి రావాల అనేటోడు. యాడా రాసింది కాదు సార్ ఇది. మా నాయన అలవాటు, అంతే."

"భయం లేదా?"

"దేనికి సార్ బయం? నేల అబద్దమాడదు. ఒకసారి తెరిచి మూసిన సోటు యాబై ఏండ్లయినా పార పెడితే సెప్పేస్తాది."

దీని అర్థం ఏమిటో కొన్నాళ్ళకే చూశాను. ఒక పొద్దున ఆయన పైపులోంచి తీసిన ఒక మట్టికడ్డీని వేళ్ళ మధ్య తిప్పుతూ నన్ను పిలిచాడు. మిగతావాటికన్నా అది పొట్టిగా, నున్నగా, చాకుతో కోసినట్టు మెరుస్తోంది.

"ఈడ ఎవరో శానాసేపు నిలబడినారు సార్. నీళ్ళు పెట్టినాంక. ఒక్క కాలి మీదే బరువంతా. మనిషి ఈడ, మనసు ఇంగ యాడనో."

నిలబడింది నేనే. ముందురోజు సాయంత్రం, ఎమ్మిగనూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది, నాయనను ఆసుపత్రిలో చేర్చాం రమ్మని. మిల్లులో తనిఖీ ఉంది, కదలడానికి లేదని చెప్పాను. తనిఖీ ఏమీ లేదు. ఆసుపత్రి వాసన, అక్క కన్నీళ్ళు పడలేక తప్పించుకున్నాను. ఆ అబద్ధాన్ని అతికించడానికి అరగంట మాట్లాడుతూ ఒంటికాలి మీద నిలబడ్డాను. ఖాసిం సాబ్ ఎవరని అడగలేదు. నా బూట్ల వైపు ఒకసారి చూసి, అదే చోట మరో రెండు పోట్లు పొడిచాడు. "ఈడ కొంచెం ఎక్కువ తెరవాల" అన్నాడు. ఆ తర్వాత లాన్ మీద అడుగు పెట్టాలంటే నాకు జంకు పుట్టేది. నాకు అబద్ధం ఎంత సులువుగా వస్తుందో ఆ నేలకు తెలుసనిపించేది. అంత జంకు ఉండి కూడా తర్వాత చేసిన పని చేశాను. దాన్ని రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

ఆ ఏడు పత్తి విపరీతంగా వచ్చింది. గోదాములు నిండిపోయాయి, యార్డులో నిలబడే చోటు లేదు. నవంబరులో ముసురు పట్టింది. నొక్కి కట్టిన పత్తి బేళ్ళు తడిస్తే నా ఉద్యోగం ఉండదు. మిల్లు మొత్తంలో నీళ్ళు నిలవని ఎత్తయిన చోటు ఒక్కటే. బేళ్ళన్నీ లాన్ మీద పేర్చి టార్పాలిన్లు కప్పమన్నాను.

ఖాసిం సాబ్ పరుగెత్తుకుని వచ్చాడు. నేను ఆయన పరుగెత్తగా చూసింది అప్పుడొక్కసారే.

"వద్దు సార్. తడినేల మీద అంత బరువు పెడితే లోపల గాలి సచ్చిపోతాది."

"పది దినాలే ఖాసిం సాబ్."

"పోనీ మూడు దినాలకొకసారి సోటన్నా మార్పించండి. కూలోళ్ళతో పాటు నేనూ మోస్తా."

"గడ్డికి ఊపిరాడలేదని రైతుల పత్తి తడిపేదా? సేటుకు ఏమని సెప్పాల? మీ లాన్‌కు దమ్ము వచ్చింది అనా?" అన్నాను. కూలీలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. బేళ్ళు పేరుస్తున్నంతసేపూ వరండా మెట్టు మీద కూర్చుని నేలవైపే చూస్తూ ఉన్నాడు.

పది రోజులన్నది మూడు వారాలు దాటింది. బేళ్ళు తీయించినప్పుడు కింద గరిక పచ్చగా లేదు, పసుపుగా కూడా లేదు. తెల్లగా, తడిసిన వెంట్రుకల్లా నేలకు అంటుకుపోయి ఉంది. పుల్లటి వాసన. వేసిన అడుగు ముద్ర కూడా పడనంతగా నేల బిగిసిపోయింది. ఖాసిం సాబ్ నాలుగు రోజులు ఆరనిచ్చి, గేటు మూల నుంచి పోట్లు మొదలుపెట్టాడు. రోజుకు రెండు మూడు వరుసలకన్నా సాగేవి కావు. ప్రతి పోటుకూ ఆయన ఒళ్ళంతా వణికేది. ఇసుక నింపుకుంటూ, వెనక్కి నడుచుకుంటూ సగం లాన్ దాకా వచ్చాడు. ఆ రోజే, చెప్పకుండా, సేటు వచ్చాడు.

ఆయన చెప్పులు విడవబోయి ఆగిపోయాడు. "ఏమైంది దీనికి?" అన్నాడు. గొంతు పెంచలేదు. తండ్రి ఫొటో పగిలితే అడిగినట్టు అడిగాడు.

మేమిద్దరం ఆయన ముందు నిలబడి ఉన్నాం. ఖాసిం సాబ్ నావైపు చూశాడు. మేనేజరు మాట్లాడాలి కదా, అందుకని చూశాడు. నేను నిజం చెప్తానన్నంత ధీమాగా చూశాడు. నా నోట్లోంచి మాట వచ్చింది: "పైపుతో పొడిచి పొడిచి వేర్లు తెంపేశాడు సార్. వద్దంటే వినలేదు."

సాక్ష్యం కళ్ళ ముందే ఉంది. వందల రంధ్రాలు, వాటి చుట్టూ చచ్చిన గడ్డి. మందు పెట్టిన గాయాలనే చూపించి, గాయం చేసింది వైద్యుడే అన్నాను. సేటు ఆ రంధ్రాలను కాసేపు చూసి, "పంపించెయ్" అని లోపలికి పోయాడు.

ఖాసిం సాబ్ చేతులు పైపు అడ్డకర్ర మీద అలాగే ఉన్నాయి. ఆయన వాదిస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత, సగం దించిన పైపును నేలలోనే వదిలేసి, "వరస నడిమధ్యలో ఉంది సార్. ఎవరితోనన్నా పూర్తి సేయించండి. ఆ పక్క ఇంకా మూసుకునే ఉంది," అన్నాడు. తాను తెరిచిన చోటు తొక్కకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ అంచు దాకా పోయి, అక్కడ తిరిగి గేటు వైపు వెళ్ళిపోయాడు.

పైపు అక్కడే ఉండిపోయింది. కొత్త మాలీ వచ్చి లాగితే రాలేదు, ఇద్దరు పట్టి లాగినా రాలేదు. రేగడి ఎండుతూ దాన్ని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంది. నాకు దాని దగ్గరికి పోవాలంటే మనసొప్పక, ఉండనీ అన్నాను. ఎండాకాలానికి బోరు తగ్గి లాన్ మొత్తం మాడిపోయింది. మే నెలాఖరులో గాలులు మొదలయ్యాయి. అప్పుడు పైపు పలకడం మొదలుపెట్టింది. గాలి దాని మూతి మీదుగా పోయినప్పుడల్లా సన్నగా, లోగొంతుతో ఊ... అని. పట్టపగలు, మిల్లు ఆపిన వేళల్లో, ఆఫీసు గదిలో లెడ్జరు ముందు కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించేది. ఎవరో చెప్పేదానికి ఊకొడుతున్నట్టు. చెప్పు, ఊ, ఇంకా చెప్పు అన్నట్టు. నరసప్ప మధ్యాహ్నం పూట అటువైపు పోవడం మానేశాడు. "గాలే సార్, నాకు తెలుసు. తెలిసినా పోబుద్ది కాదు," అనేవాడు.

జూన్‌లో రెండు వానలు పడ్డాయి. మూడోనాడు పొద్దున్నే నరసప్ప నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. మాడిపోయిన నల్లటి లాన్ మీద పచ్చటి చుక్కలు. జానెడుకొకటి, వరుసలు వరుసలుగా. ఖాసిం సాబ్ పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ, ఆయన నింపిన ఇసుకలోంచి గరిక లేచింది. ఇంకెక్కడా లేవలేదు. ఆ చుక్కలు గేటు మూల నుంచి బయల్దేరి, ఒక్కొక్క వరుసా సాగి, మళ్ళీ మలుపు తిరిగి, కనబడని మనిషి ఎవరో ఇప్పుడే వెనక్కి నడిచి వచ్చినట్టు సరిగ్గా ఆ పైపు దగ్గర ఆగిపోయాయి. పైపుకు అవతల సగమంతా నెర్రెలే, పచ్చనిది ఒక్క మొలక లేదు. నేనాడిన అబద్ధాన్ని నేల పచ్చటి అక్షరాలతో రాసి, చదువుకో అని నా ముందు పరిచినట్టు ఉంది. గాలి వీచింది. పైపు ఊ అంది.

ఆ రోజే సేటుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "బేళ్ళ అచ్చులు నాకు కనబడలేదనుకున్నావా?" అన్నాడు ఆయన. "సీజను మధ్యలో మేనేజరును మార్చలేను. మాలీని మార్చగలను. కావాలంటే పిలిపించుకో." నా అబద్ధాన్ని ఆయన నమ్మనేలేదు. వాడుకున్నాడు. ఇన్నాళ్ళూ సేటు ఒక్కడినే మోసం చేశాననుకున్న నేను, ఆ ఒక్కడిని కూడా మోసం చేయలేదన్నమాట. మరి ఆ మాటను నమ్మింది ఎవరు? ఆ సంగతి పెద్దకడుబూరు పోయాకే తెలిసింది.

ఆ ఊళ్ళో ఖాసిం సాబ్ తన కూతురింట్లో ఉంటున్నాడు. వాకిట్లో నాలుగు టమాటా మొక్కలు బిగిసిన మట్టిలో వాడి నిలబడి ఉన్నాయి. పక్కనే మంచం మీద ఖాసిం సాబ్, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మనిషి సగమయ్యాడు. మాటకు మాటకు మధ్య ఆయాసం. "ఆదోని నుంచి వచ్చినకాడినుంచి నాయన మన్ను ముట్టలేదన్నా," అంది కూతురు. "ఈ సెట్లకు కొంచెం గుల్ల సెయ్యి నాయనా అంటే, నా శెయ్యి మంచిది కాదులే అంటాడు."

నేను నోరు తెరవకముందే ఆయన అడిగాడు. "సార్, ఒకటి అడుగుతా. నిజం సెప్పండి. ఏర్లు తెగినాయా?"

నాకు అర్థం కాలేదు.

"మీరు సదువుకున్నోళ్ళు. ఏదో సూసే అనింటారు. ఊరికే అనరు గదా. నా శెయ్యే యాడన్నా తప్పు సేసిందేమో, బలంగా దిగిందేమో అని ఈ ఆరునెల్లూ అదే ఆలోసన. మా నాయనకాడ నేర్సిన శెయ్యి సార్ ఇది."

నమ్మింది ఆయన. ప్రపంచంలో నా అబద్ధాన్ని నమ్మిన ఒకే ఒక్క మనిషి ఖాసిం సాబ్. నేను ఆయన పని తీసేశాననుకున్నాను, పేరు తీసేశాననుకున్నాను. ఆయన చేతులు తీసేశానని అప్పుడు తెలిసింది.

"తెగలేదు ఖాసిం సాబ్. ఒక్క ఏరు కూడా తెగలేదు. నేను అబద్ధమాడినాను. నా తప్పు నీ మీద ఏసినాను."

ఆయన నన్ను చూడలేదు. చేతులను తిప్పి అరచేతులు చూసుకున్నాడు, మళ్ళీ తిప్పి వేళ్ళు చూసుకున్నాడు. "ఈ మాట ఆ పొద్దే సెప్పింటే సాలు గదప్పా," అన్నాడు. ఆయన నన్ను సార్ అనకుండా పిలిచింది అప్పుడే. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. పచ్చ వరుసల సంగతి చెప్పాను. "సూడాల," అన్నాడు.

మర్నాడు ఆయన్ను తీసుకొచ్చాను. లాన్ అంచున చెప్పులు విడిచి, తను నడిచిన దారినంతా కళ్ళతో నడిచాడు. పైపు దగ్గరికి పోయి, అరచేయి నేలకు ఆనించి ఏదో అన్నాడు. రెండు వేళ్ళతో పైకి తీశాడు. ఇద్దరు మగవాళ్ళకు రాని పైపు అలా వచ్చేసింది. వానకు నేల మెత్తబడింది కదా, అంతే అయి ఉంటుంది. లోపలున్న మట్టికడ్డీని బయటికి తోశాడు. దాని నడుమ ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి వేరు ఒకటి, తెగకుండా, సన్నటి దారంలా పోయి ఉంది. దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"నాకు దమ్ము సాలదు. ఆగిన వరస మీరు పూర్తి సేయండి. నేను ఎనకాల మెట్టు మీద కూర్సుని సెప్తాంటా. తిరిగి సూడద్దు, వరస వంకరపోతాది."

పొద్దున పదిగంటల వేళ. ఎండ, గాలి. నేను వంగి, నేల మీద చెయ్యి పెట్టి, "తెరుస్తాండా" అన్నాను. పైపు దించాను. వెనక నుంచి ఆయన గొంతు: "తోయద్దు. బరువియ్యి సాలు." ఇంకో పోటు. "ఎడమకాలు తేలిగ్గా." జానెడు వెనక్కి. "ఆ. ఇంగ కొంచెం." అరచేతులు బొబ్బలెక్కాయి. నేను అడిగినదానికి చెప్తున్నాడు, అడగనిదానికీ చెప్తున్నాడు. మా నాయన పోయినప్పుడు నేను పక్కన లేని సంగతి కూడా చెప్పాను ఆయనకు, వెనక్కి నడుస్తూనే. ఊ అన్నాడు. ఎంతసేపయిందో తెలియదు. "సాలు," అని వినబడింది. ఆగి చూస్తే నా మడమ వరండా అంచుకు తాకి ఉంది. వరుస పూర్తయింది. తిరిగాను.

మెట్టు ఖాళీగా ఉంది.

"ఖాసిం సాబ్ ఏడీ?" అన్నాను. నరసప్ప గేటు దగ్గర నుంచి నన్ను వింతగా చూశాడు.

"ఎప్పుడో పోయినాడు గదా సార్, పెద్దకడుబూరు బస్సుకు. మీరు నాలుగు పోట్లు ఎయ్యకముందే. సార్‌కు సెప్పొద్దు, వరస సెడతాది అన్నాడు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి మీరు ఇంతసేపూ ఎవరితో మాట్లాడతాంటిరి సార్?"

నా చేతిలో పైపు ఉంది. గాలి ఉంది. ఇంతకన్నా నేను ఏమీ చెప్పలేను.

మిగిలిన వరుసలు కూడా నేనే పూర్తి చేశాను, ఆదివారాలు వచ్చి. పైఏడు ఆ సగం కూడా లేచింది. దాన్ని ఖాసిం సాబ్ చూడలేదు. చలికాలంలోనే పోయాడు, నాకు కబురు ఆలస్యంగా అందింది. కూతురు చెప్పింది, మిల్లు నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఆయన టమాటా మొక్కల దగ్గర కూర్చుని మట్టి గుల్ల చేశాడట. చివరిదాకా ఆ మొక్కల పని ఇంకెవరినీ చేయనివ్వలేదట. పెద్దకడుబూరు ఖబరస్తాన్ గోడ దగ్గర నిలబడి ఆయన ఉన్న చోటు చూశాను. వచ్చేటప్పుడు వెనక్కి నడిచి వచ్చాను.

ఆ పైపు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఉద్యోగం మానేసి వస్తూ అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా ఎక్కువసేపు నిలబడితే, బరువు ఏ కాలి మీద ఉందో చూసుకుంటాను. నోటికి సులువుగా ఒక మాట రాబోతుంటే అరికాళ్ళు ముందుగా బరువెక్కుతాయి. ఆ ఉదయం చెంబు పక్కన పెట్టి, పైపు తెచ్చి, పెరట్లో గరిక మొలిచిన చోట వంగి, "తెరుస్తాండా" అని మొదలుపెట్టాను. "ఎవరితో మాట్లాడతాండావు నాయనా?" అంది మా అమ్మాయి వంటింటి కిటికీలోంచి.

"నేలతో," అన్నాను. అది పూర్తి నిజం కాదు. అందుకే అక్కడ ఇంకో రెండు పోట్లు ఎక్కువ వేశాను. వెనక నుంచి "తేలిగ్గా" అని వినబడింది. వరుస పూర్తయ్యేదాకా తిరిగి చూడలేదు.